నల్ల కంబళి కింద మోటారు ఇల్లు

ఆత్మకూరు,
సోమవారం.

ఓబులేసన్నకు తోడల్లుడు జ్ఞానేశ్వర్ నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. క్షేమంగా లేనిది మా బ్యాటరీ ఒక్కటే.

మా గృహప్రవేశం ఫోటోలో అత్త పక్కన ఎవరు నిలబడాలన్న గొడవలో, ఇక ఈ జన్మలో మాట్లాడుకోమని ఇద్దరం ఆమె తలమీద ఒట్టేశాం. ఒట్టు మాట్లాడటం గురించే, రాయడం గురించి కాదు. అందుకే రాస్తున్నాను. వేంపల్లెలో ఇరవై ఏళ్లుగా బ్యాటరీల అంగడి నడుపుతున్నావు. నీకంటే తెలిసినవాడు నాకు దొరకలేదు. దొరికితే నీకు రాసేవాణ్ణి కాదు.

వదిన చెప్పే ఉంటుంది, నేను మోటారు ఇల్లు కొన్నాను. ఎన్నికల్లో ఎవరో నాయకుడు తిరిగిన బండి. లోపల మంచం, వంటగట్టు, ఫ్రిజ్, ఫ్యాను, స్నానాల గది. వచ్చే వారం స్వాతి నక్షత్రానికి, ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్న అత్తను అహోబిలం నరసింహస్వామి దగ్గరికి అందులోనే తీసుకుపోతున్నాను. పదిహేడేళ్లుగా నీ జీపులో నడుం విరగ్గొట్టుకుంది చాలు.

చిక్కేమిటంటే, బండిని నడిపే బ్యాటరీ బాగానే ఉంది. ఫ్యానుకూ ఫ్రిజ్‌కూ వేరే బ్యాటరీ ఉంది, అదే ఛార్జింగ్ ఎక్కడం లేదు. ఫ్యాను గంట తిరిగి ఆగిపోతోంది. ఫ్రిజ్‌లో పెట్టిన పాలు విరిగిపోయాయి. ఏం చేయాలో వెంటనే రాయి.

ఇట్లు,
జ్ఞానేశ్వర్

తా.క.: పరుపు మీద కూర్చుని అత్త "ఇది బండి కాదు నాయనా, రథం మాదిరి ఉండాది" అంది. నీకు సంతోషంగా ఉంటుందని రాస్తున్నాను.

మరో తా.క.: ఈ ఉత్తరం తెచ్చిన బస్సు కండక్టరు ప్రదీప్‌కుమార్‌కు గ్లాసెడు మజ్జిగ ఇవ్వు. చాలా మర్యాదస్తుడు.


వేంపల్లె,
బుధవారం.

తమ్ముడు జ్ఞానేశ్వర్‌కు ఓబులేసు ఆశీస్సులు.

నీ రథం సంగతి చదివి చాలా సంతోషించాను. ఆ సంతోషంలో రాత్రి అన్నం సహించలేదు.

మొదట బ్యాటరీ కొనల మీద తెల్లటి బూజు పట్టిందేమో చూడు. పట్టి ఉంటే తీగలు ఊడదీసి, వేడినీళ్లతో కడిగి, బాగా ఆరాక మళ్లీ బిగించు. మూతలు తీసి నీళ్లు తగ్గాయేమో చూడు. బోరు నీళ్లు మాత్రం పోయొద్దు, అంగట్లో అమ్మే బ్యాటరీ నీళ్లే పొయ్యి. తర్వాత మీటరు పెట్టు. పన్నెండున్నర ఓల్టులు దాటితే నిండినట్టు, పన్నెండుకు దిగితే ఖాళీ అయినట్టు. ఛార్జింగ్ ఎక్కుతుంటే పద్నాలుగు దాకా చూపించాలి. అలాంటి బండ్లకు పైన సోలార్ పలకలుంటాయి. వాటికి ఎండ సరిగ్గా తగులుతోందా?

మా జీపుకు ఈ బాధల్లేవు. ఫ్యానే లేదు కాబట్టి ఆగిపోదు. ముందు సీటులో అత్త వేసుకునే దిండు అక్కడే ఉంది. దాని మీద భువనను, కట్టుకున్న పెళ్లాన్ని, ఒక్కసారి కూడా కూర్చోనివ్వలేదు.

ఇట్లు,
ఓబులేసు

తా.క.: మజ్జిగ ఇచ్చాను. నేను అడగకముందే ఆ కండక్టరు అత్త మోకాలినొప్పి ఎలా ఉందో చెప్పాడు. ఆమె మోకాలితో అతనికేం పని?


ఆత్మకూరు,
శనివారం.

ఓబులేసన్నకు జ్ఞానేశ్వర్ నమస్కారాలు.

బూజు కడిగాను. నీళ్లు పోశాను. తీగలు బిగించాను. ఫ్యూజు కూడా మార్చాను. మీటరు పదకొండు దగ్గరే కూర్చుంది. ఇక ఎండ తగులుతోందా అని అడిగావు. కడప జిల్లాలో పుట్టి, నంద్యాల జిల్లావాణ్ణి ఎండ ఉందా అని అడిగిన మగాడివి నువ్వొక్కడివే. మా వీధిలో కుక్కలు కూడా పదింటికే అరుగుల కింద దూరుతున్నాయి.

అసలు సంగతి నాకు తెలిసిపోయింది. మొన్న గురువారం వదిన వచ్చి బండి చూసి, "శానా బాగుండాది చెల్లీ, మాకు యాడ వస్తాది ఇట్లాంటిది" అని పెద్ద నిట్టూర్పు విడిచింది. అంతకుముందు పదకొండున్నర చూపించిన మీటరు, ఆమె బస్సెక్కేసరికి పదకొండుకు దిగింది. ఇది దిష్టి. ఎవరిదో పేరు రాయను. వేంపల్లె నుంచి వచ్చిందని మాత్రం రాస్తున్నాను.

ఇట్లు,
జ్ఞానేశ్వర్

తా.క.: దిష్టి తీయడానికి మేం తక్కువేం చేయలేదు. గుమ్మడికాయ కట్టాం, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించాం. బండి కొన్న రోజే అత్త, "పైన ఆ పలకలు తళతళ మెరుస్తాండాయి, ఊరందరి కండ్లూ ఆడనే పడతాండాయి" అని నిచ్చెన వేయించి, టాపు మొత్తం తన నల్ల కంబళి పరిపించి తాళ్లతో కట్టించింది. ఇంతవరకూ విప్పలేదు. ఇంకేం చేయాలి?


వేంపల్లె,
సోమవారం.

ప్రియమైన తమ్ముడికి ఓబులేసు ఆశీస్సులు.

నీ తాజాకలం మూడుసార్లు చదివాను. కళ్లలో నీళ్లొచ్చాయి. భువన ఎందుకని అడిగితే పొగ అని చెప్పాను.

నువ్వన్నది నిజమే, ఇది గట్టి దిష్టి. ఇలాంటి దానికి ఒక కంబళి చాలదు. మా ఇంట్లో గొర్రెబొచ్చు కంబళి ఒకటి ఉంది, బాగా మందం. కండక్టరు చేత పంపిస్తున్నాను. అత్త కంబళి మీద దీన్ని కూడా పరిచి గట్టిగా కట్టు. స్వాతి వెళ్లేదాకా విప్పొద్దు. అప్పటికీ బ్యాటరీ బాగుపడకపోతే దిగులు పెట్టుకోకు, నేనున్నాను కదా.

ఇట్లు, నీ మేలు కోరే
ఓబులేసు

తా.క.: జీపు టైర్లకు గాలి కొట్టించాను. అత్త దిండు గలీబు ఉతికించాను.


ఆత్మకూరు,
శుక్రవారం.

ఓబులేసు గారికి,

ఇకమీద అన్నా అని పిలవను. బోర్లు బాగుచేసే మారెన్న ఇవాళ మా వీధికొచ్చి, బండి చూసి, నేల మీద కూర్చుని నవ్వాడు. "సోలారుకు కంబళి కప్పితే ఛార్జింగ్ యాడనుంచి వస్తాదప్పా? ఎద్దు మూతికి చిక్కం కట్టి మేయలేదంటే ఎట్లా?" అన్నాడు. వీధివాళ్లంతా విన్నారు.

కంబళ్లు రెండూ పీకేశాను. మధ్యాహ్నానికి మీటరు పద్నాలుగు చూపించింది. ఫ్యాను ఆపినా ఆగనన్నట్టు తిరుగుతోంది. ఇరవై ఏళ్ల బ్యాటరీ అంగడివాడివి, నీకు తెలియక కాదు. తెలిసి రెండో కంబళి పంపావు! ఇంత కుళ్లు కడుపులో పెట్టుకుని నన్ను తమ్ముడూ అని ఎలా రాశావు?

రేపే స్వాతి. తెల్లారేసరికి మా రథం కదులుతుంది. ఆ దిండు మీద నువ్వే కూర్చో.

ఇట్లు,
జ్ఞానేశ్వర్

తా.క. (శనివారం పొద్దున): అత్త లేదు! ఆమె సంచీ లేదు, నల్ల కంబళి కూడా లేదు. యామినిని అడిగితే మొగుడి ముఖం చూడకుండా బియ్యం ఏరుతోంది. జీపులో ఎత్తుకుపోయింది నువ్వే. మా అత్తను వెంటనే పంపించు.


వేంపల్లె,
శనివారం సాయంత్రం.

జ్ఞానేశ్వర్‌కు,

కంబళి సంగతి నిజమే, ఒప్పుకుంటున్నాను. జీపు ఎక్కింది మొదలు అహోబిలం దాకా నేను చెప్పే కబుర్లంటే అత్తకు ప్రాణం. పదిహేడేళ్లు ఊఁ కొడుతూనే ఉంది. ఆ సీటు ఖాళీగా పెట్టుకుని నేనొక్కణ్ణే పోవాలంటే కడుపు మండింది. అసూయే. రాసేశాను, ఇప్పుడు కొంచెం తేలిగ్గా ఉంది.

కానీ అత్త నా దగ్గర లేదు. "మా అత్త" అని రాస్తావా? నీకంటే ఐదేళ్ల ముందు నుంచి ఆమె నాకు అత్త. ఆ రథంలో ఎక్కడ దాచావో చెప్పు. భువన కూడా నన్ను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంటోంది.

ఇట్లు,
ఓబులేసు

తా.క.: ఈ ఉత్తరం వేరే కండక్టరు తెస్తున్నాడు. ప్రదీప్‌కుమార్ రెండు రోజులు సెలవు పెట్టాడట.


అహోబిలం,
ఆదివారం.

అల్లుండ్లిద్దరికీ సుబ్బరత్నమ్మ దీవించి చెప్పేది. నేను చెప్తాండా, ప్రదీప్‌కుమార్ రాస్తాండాడు. ఇదే కాగితం ఇద్దురూ చదువుకోండి.

నేను బస్సులో వచ్చినా. ఆడోళ్లకు టికెట్టే లేదు గదా. దర్శనం బాగా జరిగింది.

ఆ పలకలకు ఎండ తగలాలని బండి అమ్మినాయన నా ముందరే చెప్పినాడు. జ్ఞానేశ్వరు అప్పుడు బండి పక్కన నిలబడి ఫోటోలు దిగుతాండాడు. అందుకే కంబళి కట్టించినా. ఆ మంచం మీద పండుకుంటే నాకు కడుపులో తిప్పుతాది నాయనా. జీపులో అయితే నడుము పోతాది. ఓబులేసూ, నువ్వు పదిహేడేండ్లుగా చెప్పిందే చెప్తాండావు. అది ఊఁ కొట్టడం కాదు, గుంతల్లో పడినప్పుడల్లా మూలిగినా.

ఎవురి బండెక్కినా రెండోవాడు ఏడాదంతా మూతి ముడుచుకుంటాడు. మీరు నా తలమీద ఒట్టేసిన కాడ్నుంచి నాకు తలనొప్పి పోలేదు. కూతుండ్లిద్దరికీ చెప్పే వచ్చినా. మీకు చెప్పగూడదని వాళ్ల చేత ఒట్టేయించుకున్నా. నా తలమీద కాదు, మీ తలల మీద.

ఉంటా,
సుబ్బరత్నమ్మ

తా.క.: ఈ పిల్లోడు నాకు ముందు సీటు ఇప్పించినాడు. నాకోసం సెలవు పెట్టి, చెయ్యి పట్టుకుని కొండ ఎక్కించినాడు. రాత్రి కొండగాలికి కంబళి కప్పినాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఇది రాయనని సిగ్గుపడతాండాడు, నేనే బలవంతంగా రాయిస్తాండా: నాకు మూడో కూతురు లేకపాయెనే!