సలామా హారంలో అమెరికా బిళ్ళలు

3 నవంబరు 1992, రుస్తాఖ్
వెండి దుకాణంలో ఏడో నెల. మూడేళ్ళు సిమెంటు కలిపిన చేతులు మెల్లగా పాత పని గుర్తు చేసుకుంటున్నాయి. పని కార్డు మీద మాత్రం ఇంకా 'హెల్పర్'. పద్దెనిమిదిన ఈ అరబ్బు దేశం జాతీయ దినం — ఊరంతా నడుముకు కట్టుకునే బాకులకు మెరుగు పెట్టించుకుంటోంది. బొగ్గులు, ఊదడం, తోమడం నావి. గీటురాయి అర్బాబ్‌ది. యజమాని కదా.

5 నవంబరు
కొండల వైపు పల్లె నుంచి ఒక ముసలావిడ వచ్చింది. సలామా. చేతిలో మెడ హారం, దానికి తొమ్మిది అమెరికా బిళ్ళలు, ఐదు సెంట్లవి. కరిగించి మనవడి పెళ్ళి బాకుకు వెండి తొడుగు చేయమంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో వాళ్ళ నాన్న మసీరా దీవిలో విమానాల దగ్గర మూటలు మోశాడట. అమెరికా సిపాయిలు ఇచ్చారట.
అర్బాబ్ ఒక్కదాన్ని గీటి చూసి పక్కన పెట్టేశాడు. "మాఫీ ఫిద్దా." వెండి లేదు. అంతా నికెల్.
"మా నాన్న వెండి అన్నాడే..." అంది. ఆ పాటి అరబ్బీ నాకూ వచ్చు. ఆవిడ ముఖం చూడలేకపోయాను.
తొమ్మిదింటి రంగు ఒకటి కాదు. కొన్ని నల్లబడ్డాయి, వెండి నల్లబడినట్టే. ఉండబట్టలేక అనేశాను — "అర్బాబ్, సబ్ ఏక్ జైసా నహీ హై." అన్నీ ఒకేలా లేవని.
"తుమ్ హెల్పర్," అన్నాడు.
అయినా హారం తిరిగి ఇవ్వలేదు. తర్వాత రమ్మన్నాడు ఆవిణ్ణి.

6 నవంబరు, శుక్రవారం
సెలవు. పక్క దుకాణం టైలరు ఖాదర్ కడప మనిషి. వింటూనే కోప్పడ్డాడు. "యాల బ్బా నీకీ తగులాట? తప్పయితే తిరగా సిమెంటుకే పంపిస్తాడు."
"మా నాయన కాడ నేర్సుకున్న పని, ఖాదర్ భాయ్. నా కండ్లు నన్ను మోసం జేస్తయా?"
అన్నానే గానీ... నాయన చూపిన పరీక్ష రాత్రంతా మనసులో తిరగేసుకున్నాను.

7 నవంబరు
చేశాను!
అర్బాబ్ ఎదురుగానే, అడిగే చేశాను. నల్లబడ్డ బిళ్ళకు, కొండి చాటున టంకం అంటని చోట, ఆకురాయితో రెండు రాపిళ్ళు. ఆ రజను యాసిడ్‌లో, అదే తేజాబ్‌లో వేశాను. ఆకుపచ్చగా మారింది. "రాగి," అని నవ్వాడు. ఆగమన్నాను. ఉప్పునీళ్ళు ఒక్క చుక్క — పాలు విరిగినట్టు తెల్లని తరకలు! వెండి ఉంటేనే అలా విరుగుతుంది. నల్లబడని బిళ్ళతోనూ చేసి చూపించాను. ఆకుపచ్చ నీళ్ళు, అంతే.
గిన్నె వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూశాడు.
"ఉస్తాద్," అన్నాడు. నన్నే.

8 నవంబరు
ఆరు వెండివి, మూడు కావు. బిళ్ళ వెనక వైపు గుమ్మటం ఉన్న ఇల్లు బొమ్మ. వెండివాటికి గుమ్మటం పైన పెద్ద అక్షరం — పి, లేదా ఎస్. ఏళ్ళు 43, 44, 45. మిగతా మూడూ అంతకు ముందువి, అక్షరం లేదు.

10 నవంబరు
బావులు తవ్వే కంపెనీలో అమెరికా ఇంజనీరు వచ్చాడు. పాత బాకులు కొంటుంటాడు. హారం చూపించి, ఆరింటిలో వెండి ఉందన్నాను. మామూలువి ముప్పాతిక రాగి, పాతిక నికెల్ అట. యుద్ధంలో నికెల్ ఆయుధాలకు కావలసివచ్చి, దాని బదులు నూటికి ముప్పై అయిదు పాళ్ళు వెండి, కొంచెం మాంగనీసు కలిపారట. పెద్ద అక్షరం దానికే గుర్తు. "నీకెవరు చెప్పారు?" అన్నాడు. ఎవరూ చెప్పలేదన్నాను. ఎంత హాయిగా ఉందో ఆ మాట అనడానికి!
నడిమి బిళ్ళకు టంకం లేదు, అంచు కట్టులో బిగించారు. కంటి అద్దం పెట్టి చూస్తే 1943లో మూడు అంకె కింద రెండు అంకె తోక... ఇంజనీరు అద్దం లాక్కున్నంత పని చేశాడు. ముందటేడు అంకె అచ్చులో మిగిలిపోయిందట. నాణేలు కూడబెట్టేవాళ్ళు వెతికేది ఇదేనట. టంకం పడ్డవాటికి లోహం విలువే. ఇది గీత పడకుండా వస్తే, తొడుగుకు కావలసిన వెండంతా దీని ధరకే వస్తుందట. తనే కొంటానన్నాడు.

11 నవంబరు
పొద్దున్నుంచి మధ్యాహ్నం నమాజు దాకా వెదురు పుల్లతో కట్టు తెరిచాను, వెంట్రుకవాసి చొప్పున. బిళ్ళ బయటికొచ్చింది. ఒక్క గీత లేదు. అర్బాబ్ తనే టీ పోసి ఇచ్చాడు.

14 నవంబరు
కొత్త కార్డుకు ఫోటోలు అడిగాడు అర్బాబ్. 'సిల్వర్‌స్మిత్' అని రాయిస్తాడట. అన్నకు ఉత్తరం రాశాను — నాయన నేర్పిన పని నిలబడింది అని.

15 నవంబరు
సలామా వచ్చింది. అరబ్బీకి ఖాదర్‌ను పిలిచాను. మీ నాన్న అన్నది నిజమే, ఆరింటిలో వెండి ఉంది అని చెప్పించాను. అర్బాబ్ వైపు తిరిగి చూసింది ఆవిడ.
తర్వాత నడిమి బిళ్ళ సంగతి. అరచేతిలో పెట్టుకుని నెమ్మదిగా ఏదో చెప్పింది.
"మసీరా నుంచి పడవ దిగతానే వాళ్ళ నాయన ఈమె చేతిలో పెట్టినాడంట అది," అన్నాడు ఖాదర్. "అప్పుడు ఈమెకు తొమ్మిదేండ్లంట."
అమ్మితే మనవడి బాకుకు తొడుగు. అమ్మకపోతే, ఉన్న వెండి తొడుగు మొనకైనా చాలదు.
"ఉస్తాద్ ఏమంటే అది," అంది. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. లోహం సంగతయితే టక్కున చెప్పేవాణ్ణి.
రేపు పదింటికి మనవడితో వస్తానని, బిళ్ళ నా చేతిలోనే పెట్టి వెళ్ళింది. అర్బాబ్ చేతిలో కాదు.

16 నవంబరు
పది కాలేదు. వీధి మలుపులో సలామా కనిపిస్తోంది, మనవడితో వస్తోంది. అమ్మమనాలో, దాచుకోమనాలో...