మచ్చ లేని జాడీ

యాదమ్మా,

నువ్వు పోయాక, జాడీలకు మెరుపు రావాలని ఉప్పు వేసి కాల్చిన మొదటి బట్టీని ఇవాళ తెరిచాం. పెద్ద జాడీ చుట్టూతా నారింజ తొక్కలా మెరిసింది. మన సుజాత సంబరపడి, "బాపూ, గీసారి ఒక్క మచ్చ లేదు సూడు!" అంది.

బట్టీ నింపిన ప్రతిసారీ నువ్వు చేసుకున్న చిన్న గిన్నెను జాడీ పక్క సందులో ఇరికించేదానివి. ఆ చాటున ఉప్పు ఆవిరి తగలక జాడీ మీద అరచేయంత చోటు మెరుపు లేక మచ్చలా వెలవెలబోయేది.

"జర దూరం పెట్టరాదే" అంటే, "ఏడ పెట్టాలె? జాగంత నీ జాడీలకేనాయె" అని నవ్వేదానివి.

ఈసారి ఆ సందులో ఏదీ పెట్టబుద్ధి కాలేదు.

సుజాత లోపలికి వెళ్ళాక, మచ్చ ఎక్కడైనా మిగిలిందేమోనని జాడీని చుట్టూ తడిమి చూశాను.