పరాయి గిన్నె

ఎల్మీనా

ప్రియమైన ఎకువాకు,

కుమాసీలో మన అమ్మాయికి కాన్పు తేలిగ్గా అయిందని తెలిసింది. మనవడిది నా పోలికేనటగా, పాపం. నేను బాగానే ఉన్నాను. నువ్వు మీ అమ్మ ఇంట్లో వండి రోజూ సాయంత్రం నా ఇంటికి పంపే గిన్నె రావడంలేదు, అంతే. మా చెల్లెలు భోజనానికి పిలిచింది. తిన్నానని చెప్పాను. ఒకరి వాకిట్లో కంచం కోసం కూర్చునే మనిషినా నేను?

ఒక్క మాట. పండగనాడు మా వంశం తరఫున రాజుగారికి దండం పెట్టాల్సింది నేనే. ఒంటిమీది గుడ్డ భుజం నుంచి నడుముదాకా దించాలి కదా. లోపల చొక్కా వేసుకుంటే తప్పంటావా?

ఎవరితోనూ అనకు.

నీ కోబినా ఒట్సిన్


కుమాసీ

నా ముసలాయనకు,

రాజు ముందు చొక్కా తొడుక్కున్న పెద్దమనిషి సంగతి మా అమ్మమ్మ నోట కూడా వినలేదు. చలేస్తోందా, ఒంట్లో బాగాలేదా? అబద్ధం చెప్పకు. అమ్మాయి ఇంకా కోలుకోలేదు, పండగలోగా రాలేను. నీ పౌరుషం గూట్లో పెట్టి మీ చెల్లెలింట్లో తిను.

నీ ఎకువా


ఎల్మీనా

ప్రియమైన ఎకువాకు,

చొక్కా సంగతి మర్చిపో. తింటున్నాను. మూడు పూటలా తింటున్నాను. బొబ్బర్లు, ఎర్రనూనె, చేప, గుడ్లు. ఎక్కడని అడగొద్దు. అమ్మాయిని చూసుకో. తొందరపడి రానక్కర్లేదు.

కోబినా


కుమాసీ

కోబినా ఒట్సిన్‌కు,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడంలేదు. మా అక్క కబురు పంపింది. బొబ్బర్లమ్మే మాన్సా రోజూ సాయంత్రం గుడ్డ కప్పిన గిన్నె పట్టుకుని నీ గుమ్మం ఎక్కుతోందట! మగాడింటికి సాయంత్రం గిన్నె పంపేది అతని పెళ్లామో, ఉంచుకున్నదో అని మన ఊళ్లో పసిపిల్లకైనా తెలుసు. పైగా నువ్వు తెల్లారగానే ఒడ్డుకు పోయి, నూనె రాసుకున్న పెళ్లికొడుకులా మెరుస్తూ వస్తున్నావట. "ఎకువా మొగుడు పడుచువాడైపోతున్నాడే, ఏం పెడుతోందో ఆవిడ!" అని చేపల బజారంతా ఒకటే నవ్వట.

నిజం రాయి. లేకపోతే నా పొయ్యి మీద నీ గిన్నె ఇక ఎక్కదు.

ఎకువా


ఎల్మీనా

ప్రియమైన ఎకువాకు,

నువ్వనుకున్నదే నిజమని ఒప్పేసుకుందామనుకున్నాను. ఈ వయసులో ఇంకో ఆడదాన్ని చేరదీశాడంటే మగాడికి అదో పెద్ద సిగ్గు కాదు. అసలు సంగతే సిగ్గు.

నువ్వెళ్లాక చిక్కిపోయాను. ఒకరి చావుకు వెళ్లి పెద్దల ముందు గుడ్డ దించితే, "తాతా, ఆ పక్కటెముకల మీద చేపలు ఎండేసుకోవచ్చు" అన్నాడు వెనకనుంచి ఒకడు. అంతా నవ్వారు.

ఒడ్డున బరువులెత్తే ఫిఫీ దగ్గరికెళ్లాను. కర్రకు రెండు వైపులా సిమెంటు పోసిన పాలడబ్బాలు. మంగళవారం సముద్రదేవుడి రోజని పడవలు పోవు, ఒడ్డంతా జనం, ఆ రోజు మాత్రం పోయేవాణ్ని కాదు. ఎత్తితే చాలు, కండ అదే వస్తుందనుకుని ఖాళీ కడుపుతో ఎత్తాను. ఇంకా చిక్కాను. చేతులు ఆనించకుండా పీటమీంచి లేవమంటే లేవలేక కూలబడ్డాను. "తిండి లేకుండా కండ ఎక్కణ్నించి తెస్తావు తాతా? సముద్రంలోంచా?" అన్నాడు ఫిఫీ.

అందుకని మాన్సా దగ్గర కొనుక్కున్నాను. బజార్లో నిలబడి తినలేక మూతేసి ఇంటికి తెమ్మన్నాను. ఊరేమనుకుంటుందో తట్టకపోలేదు. పక్కటెముకల మాట కంటే అదే నయమనిపించింది.

నిన్న పండగ. గుడ్డ దించాను. పడుచు భుజమేం కాదు, ఎముక మీద కాస్త మాంసం, అంతే. రాజు పక్కన బంగారు కర్ర పట్టుకుని ఆయన తరఫున మాట్లాడే పెద్ద అడిగాడు: "ఒట్సిన్, నీ భార్య ఊళ్లో లేదు. ఈ ఒళ్లు ఎవరి గిన్నెదయ్యా?"

అందరూ చెవులు రిక్కించారు. నీ పేరు అప్పటికే బజార్లో నలుగుతోంది. చెప్పేశాను. "కొనుక్కు తిన్నాను. ఎకువా లేక ఎండిపోయాను. కుర్రాళ్లతో సిమెంటు డబ్బాలెత్తాను."

రాజుగారితో సహా నవ్వారు. ఒళ్లంతా కాలిపోయింది. గుడ్డ మాత్రం పైకి లాక్కోలేదు.

మాన్సాను ఇక రావొద్దన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నీతో ఒక్కసారీ అనని మాట ఒకటి రాస్తున్నాను. చదివి చింపెయ్యి.

ఆకలేస్తోంది.

నీ కోబినా