ఇంకా మాగాలట

బావగారికి నమస్కారాలు.

మీరు పంపిన పైపు పొగాకు అందింది. తాజాగా ఉన్నప్పుడే కాల్చాలని మీరు, సీసాలో ఏళ్ల తరబడి మాగితేనే రుచి అని మీ తమ్ముడు. ఈ తగవు నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ వింటూనే ఉన్నాను.

మొన్న అలమర దులుపుతుంటే ఆయన దాచుకున్న ఒక పాత పొగాకు సీసా మూత వదులై కనిపించింది. తీస్తే తడిసిన గోనెసంచి కంపు. ఆటపట్టిద్దామని ఆయన ముక్కు దగ్గర పెట్టాను. కళ్లు మూసుకుని గట్టిగా పీల్చి, "ఆహా! చూశావా, ఎంత బాగా మాగుతోందో!" అన్నారు.

నాకు నవ్వు రాలేదు. చలికాలంలో ఆయనకొచ్చిన ఆ జ్వరం తగ్గినప్పటి నుంచి, కూర మాడినా ఆయన పల్లెత్తు మాట అనకపోవడం అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకు వాసన తెలియడం లేదు బావగారూ. తను చెప్పలేదు, నేనూ అడగలేదు.

వచ్చే వారం మీరొస్తారు కదా. ఎప్పటిలా మూత తీసి "వాసన చూడరా" అనకండి. కాసేపు వాదించండి, లేకపోతే అనుమానపడతారు. ఆ తర్వాత "సరేలే, ఇంకా మాగనీ" అని ఈ ఒక్కసారికి ఓడిపోండి.

మీ మరదలు