బాబు మాడు నిండిన రోజు

రాజోలు
1998 ఆగస్టు, బుధవారం రాత్రి

కాకినాడ ఆసుపత్రి నుంచి ఇందాకే వచ్చాను. అక్క తన ఏడు నెలల బాబు దగ్గరే ఉండిపోయింది.

బాబు వెన్నులోంచి తీసిన నీటిలో నల్ల సిరా చుక్క కలిపి చూస్తే శిలీంధ్రం, అదే ఫంగస్, కనబడిందట. మెదడు పొరలకి పట్టింది. "ఏ జబ్బూ లేని పిల్లల్లో ఇది అరుదమ్మా. టీబీ అనుకుని మేమూ నాలుగు రోజులు పోగొట్టేం" అన్నారు డాక్టరుగారు. మందు హైదరాబాదు నుంచి రావాలి. వచ్చినా కిడ్నీలు చూసుకుంటూ కొద్దికొద్దిగా ఎక్కించాలట. శిలీంధ్రం అన్న మాట అందంగా ఉందని బాటనీ నోట్సులో రెండుసార్లు రాసుకున్నదాన్ని నేనే.

"మెదడులో ఒత్తిడి పెరిగితే మాడు ఇలా ఉబ్బుతుందమ్మా. ఎప్పట్నుంచి ఉబ్బిందో ఎవరైనా గమనించేరా?" అని అడిగారాయన. అక్క నా వైపు చూసింది.

"గుర్తులేదండీ" అన్నాను.

గుర్తుంది. జ్వరం వచ్చిన మూడో రోజు మాడుకి ఆముదం పెడుతుంటే, నడినెత్తిన ఎప్పుడూ మెత్తగా, గుంటగా ఉండే చోటు వేలికి ఎత్తుగా తగిలింది. మాడు నిండిందని అందరినీ పిలిచాను. "చూసేవా నా ఆముదం మహిమ. ఇంక జ్వరం దానంతటదే దిగిపోద్ది" అని అమ్మమ్మ మురిసిపోయింది. ఆ ధీమాతోనే ఫిట్స్ వచ్చేదాకా, ఇంకో ఐదు రోజులు, బాబుని ఇంట్లోనే ఉంచాం.

ఈ డైరీ వెనక్కి తిప్పి చూశాను. ఆ తేదీ కింద ఉంది: "ఈ రోజు మా బాబు మాడు నిండింది." వాక్యం బాగా కుదిరిందని కింద గీత కూడా గీసుకున్నాను.