టైటానియం మేకుకు ఆయుధపూజ

అన్నయ్యా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఊడిపోయిన నా దవడ పన్ను స్థానంలో బిగించాలని విదేశం నుంచి తెప్పించావే, ఆ టైటానియం మేకు సంగతి చెబుతాను విను. దాని గరుకునే ఎముక పట్టుకుంటుందనీ, వేలు తగిలినా చెడుతుందనీ సీసా మూత కూడా తియ్యనిచ్చేవాడివి కాదు.

ఇప్పుడు వన్ టౌన్‌లో నీ పళ్ల ఆసుపత్రి నడుపుతున్న నీ శిష్యరత్నం, దసరాకి పట్టకార్ల పక్కన దాన్నీ పెట్టి, పసుపు రాసి బొట్టు పెట్టాడు. వచ్చిన పెద్దమనుషులందరూ అరచేతుల్లో దొర్లించి చూశారు. పసుపు పోవడానికి వెండికొట్లో అద్దంలా పాలిష్ పట్టించాడు.

"అన్నయ్య ముట్టుకోవద్దన్నాడండీ" అన్నాను.

"మరగబెడితే సరిపోద్ది అక్కగారూ. మాకు తెలీదా?" అన్నాడు.

నువ్వు నాకోసం తెప్పించింది ఇంకొకరి నోట్లోకి పోతుందేమోనని, నోరు మూసుకుని నోరు తెరిచాను.

అతను బిగించిన ఆ మేకు నిన్న ఇడ్లీ తింటుంటే ఊడి పళ్లెంలో పడింది. చింతగింజలా నున్నగా ఉంది, ఎముక పిసరు కూడా అంటలేదు.

"మీ ఎముకలో పట్టు లేదండీ" అన్నాడా మహానుభావుడు, నేను పట్టుకెళ్లిన మేకు పుచ్చుకుంటూ. తప్పు నా దవడదట!

రేపటి నీ సంస్మరణ సభకి ఏర్పాట్లు చూద్దామని ఇవాళ రిక్షాలో ఆసుపత్రికి వెళ్లాను. ఆ మేకుని కడిగి, సీసాలో వేసి, మూతకి లక్క పోసి, దండ వేసిన నీ ఫొటో కింద పెట్టాడు. పక్కనే అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాయించాడు: "ముట్టుకోరాదు."