లంకమలకు ఒక సొరబుర్ర నీళ్లు

1922 మే 17, బుధవారం. సిద్ధవటం.
శుభవార్త! రంజాన్ పండుగ మరునాడు లంకమల కొండెక్కుతున్నాం, నేనూ, నా తరగతి స్నేహితుడు ఖాదర్ మొహిద్దీనూ. అడవి కావలి సుంకప్పన్న తీసుకుపోతాడు. ఒకటే షరతు.
“ఎండాకాలం పైన చుక్క నీళ్లుండవప్పా. పొద్దు పొడిచినప్పటి నుంచి గుంకేదాకా మనిషికి ఒక సొరబుర్ర నీళ్లే. ఇంట్లో మూడు దినాలు అట్లుండి సూపీ. లేకుంటే పిల్చుకపోను.”
ఖాదర్ రోజా ఉంటున్నాడు, పగలంతా నీళ్లే ముట్టడు. వాడికి పరీక్షే లేదు.
వెంట తీసుకుపోవలసినవి: సొరబుర్ర (ఎండు సొరకాయ డొల్ల), చెప్పులు, వేయించిన శనగలు, పెన్సిలు, కొత్త మాటలు నలభై (శిఖరం, దిగంతం, నిర్జనం...). పైనుంచి పెన్నను చూసి వర్ణించాలి!

మే 18
ఉ. 6: బుర్ర నింపాను. ఉత్సాహం!
8: రెండు గుక్కలు. సంకల్పం ముందు దాహమెంత!
9: “దాహం” కన్నా “తృష్ణ” అందమైన మాట. పదిసార్లు రాశాను. గొంతెండిపోయింది.
10: బుర్ర ఖాళీ. తప్పు తృష్ణది.

మే 20
నిన్న మొదలుపెట్టలేదు. సంగటిలోకి పచ్చడి కారమైంది.
నేడు మధ్యాహ్నం దాకా గెలిచాను! మజ్జిగ తాగాను, అది ఆహారం. ఆరు తాటిముంజలు తిన్నాను, అవి పండ్లు.
మా అవ్వ విశ్వాసమ్మ నవ్వింది. “ఏం రాజూ, కొండమీద ముంజలమ్మేటోళ్లు కూర్చోనుంటారా?”
నలభై ఒకటో మాట రాసుకున్నాను: పరిహాసం.

మే 23
సాయంత్రం ఖాదర్ వచ్చాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వాడి ముందే చెంబెత్తి గటగటా తాగేశాను. తర్వాత సిగ్గేసింది.
“తాగప్పా, నాకేం కాదు. నీవి ఎన్ని దినాలైనాయి?”
“రెండు.”
అబద్ధం! (కొంచెమే.)

మే 27
నెలవంక కనబడింది. రేపు పండుగ. ఎల్లుండి కొండ. పూర్తయిన దినాలు: సున్న.

మే 28, ఆదివారం
ఖాదర్ ఇంట్లో పండుగ విందు దగ్గర సుంకప్పన్న నిలబెట్టి అడిగాడు. “ఏమప్పా జ్ఞానరాజూ, మూడు దినాలు ఉన్నావా?”
ఉన్నానంటే రేపే శిఖరం. ఖాదర్ నా వైపే చూస్తున్నాడు.
“ఒక్క దినమూ లేదన్నా. ఖాదర్‌తో రెండన్నది అబద్ధం.”
సుంకప్పన్న శానాసేపు నవ్వాడు. “లేని నీళ్లు ఉండాయనేవాడిని నమ్మి పైకి పోతే అందరం సస్తాం. నువ్వు ఈడనే చెప్పినావు, మేలు. రేపు వద్దులే. వచ్చే ఆదివారం. ఈలోగా మూడు దినాలు ఉండు.”
“నేనూ అప్పుడే వస్తా,” అన్నాడు ఖాదర్. “వీడు లేకుంటే ఆడ నన్ను విసిగించేదెవురు?”

మే 29, సోమవారం
ఉ. 6: మళ్లీ మొదలు. ఈసారి నిజంగానే.
6 గం. 10 ని.: ఒక్క గుక్క కూడా ముట్టలేదు!
6 గం. 12 ని.: బుర్ర శానా బరువుగా ఉంది. కొండెక్కేవాడికి ఇంత బరువు మంచిది కాదు.